అన్నీ ఇచ్చేశాం కదా, ఇంకేం కావాలి?

పెళ్ళి భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్లలో, ఆఖరికి సాహిత్య సభలయ్యాక టీలు తాగే చోట కూడా ఫెమినిజం మాట వస్తే ఇప్పుడు ఒకటే సమాధానం వినిపిస్తోంది. "ఒకప్పుడు అవసరమే, ఎవరు కాదన్నారు? బాల్యవివాహాలు, వితంతువుల కష్టాలు, చదువు లేదు, ఆస్తి లేదు. అది వీరేశలింగం గారి కాలం. ఇప్పుడు ఆడపిల్లలు విమానాలు నడుపుతున్నారు, కలెక్టర్లవుతున్నారు. ఆస్తిలో సమాన వాటా ఇచ్చాం. బస్సుల్లో టికెట్టు కూడా తీసేశాం. అన్నీ ఇచ్చేశాం కదా, ఇంకేం కావాలి?"

ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చాలామంది కూతుళ్ళను బాగా చదివించినవాళ్ళు, భార్య ఉద్యోగానికి అడ్డు చెప్పనివాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ వాదనను కొట్టిపారేయకుండా, దాని కాళ్ళు ఒక్కొక్కటీ పట్టి చూడాలి. అవి నాలుగు. చట్టాలన్నీ వచ్చేశాయి. ఇంకా ఏవైనా తేడాలుంటే అవి ఆడవాళ్ళు తామే ఎంచుకున్నవి. ఇప్పుడు నలిగిపోతున్నది మగవాళ్ళు. అసలు ఈ ఫెమినిజం మన మట్టిలోది కాదు.

నాలుగింటికీ అడుగున ఉన్న నమ్మకం ఒకటే: కాగితం మీద హక్కు రాసేస్తే ఇంట్లోకీ వచ్చేసినట్టే. నా అభ్యంతరం అక్కడే. చట్టం ఇచ్చినదాన్ని ఇంట్లో నెమ్మదిగా వెనక్కి తీసుకునే పద్ధతి ఒకటి మన దగ్గర చాలా నేర్పుగా సాగుతోంది. అందులో బలవంతం కనపడదు, అరుపులు వినపడవు. "ఆమే ఒప్పుకుంది" అన్న మాటతో వ్యవహారం ముగిసిపోతుంది. ఆ ఒప్పుకోలు ఎక్కడ, ఎలా తయారైందని అడిగే పని స్త్రీవాదానిది. ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరూ కనపడటం లేదు.

ముందుగా ఆ "ఒకప్పుడు" సంగతి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. దేశ సగటు 23. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆయన పుట్టిన గడ్డమీదే బాల్యవివాహం దేశ సగటుకన్నా ఎక్కువగా నడుస్తుంటే, అది గడిచిపోయిన కాలం సంగతని ఎలా అంటాం?

ఇక మొదటి కాలు, చట్టాలన్నీ వచ్చేశాయన్నది. ఆస్తి సంగతే చూద్దాం. ఈ విషయంలో తెలుగువాళ్ళు గర్వపడొచ్చు. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంటుందని దేశంలో మొదట సవరణ చేసింది ఎన్టీఆర్ హయాంలోని ఆంధ్రప్రదేశ్. 1985 సెప్టెంబర్ 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళను మాత్రం పక్కన పెట్టారు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడానూ తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న చిక్కుముడిని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు విప్పింది. అక్కర్లేదంది. ఆస్తి చట్టంలో ఇక అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఏదైనా మండల కేంద్రంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక పూట నిలబడి చూడండి. తండ్రి సంవత్సరీకం అయ్యీ కాకుండానే అన్న కారులో చెల్లెల్ని తీసుకొస్తాడు. ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చున్న దస్తావేజు లేఖరి కాగితాలు ముందే సిద్ధం చేసి ఉంచుతాడు. తన వాటా అన్నదమ్ములకు వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి ఇష్టంతో రాసిస్తున్నట్టు అందులో ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది. చెల్లెలు ఆధార్ కార్డు ఇస్తుంది, యంత్రం మీద వేలు పెడుతుంది, కెమెరా వైపు చూస్తుంది. సాక్షులు ఇద్దరూ అన్న తెచ్చుకున్నవాళ్ళే. "తెలిసే సంతకం పెడుతున్నావామ్మా?" అని అడిగితే తల ఊపుతుంది. బయటికొచ్చాక వదిన ఒక చీర కవరు చేతిలో పెడుతుంది. అరగంటలో అయిపోతుంది.

ప్రభుత్వం అక్కడ పెట్టిన ఏర్పాట్లన్నీ ఆ సంతకం ఆమెదేనా అని తేల్చడానికే. ఆ నిర్ణయం ఆమెదేనా అని తేల్చడానికి అక్కడ ఏ యంత్రమూ లేదు.

"బలవంతం ఎవరు చేశారు? ప్రేమతో వదులుకుంది" అంటారు. నిజమే, బలవంతం ఎవరూ చెయ్యలేదు. కానీ ఆమె లెక్క వేసుకుంది. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుంది. పండక్కి పిలుపు రాదు. తెలంగాణలో అయితే ఒడిబియ్యం పొయ్యరు, కోస్తాలో అయితే సారె రాదు. కూతురి పెళ్ళిలో మేనమామ పీట ఖాళీగా ఉంటుంది. అన్నను కోర్టుకీడ్చిన ఆడపడుచని ఊరంతా చెప్పుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, రేపు మొగుడితో తేడా వస్తే సూట్‌కేసుతో వెళ్ళి నిలబడటానికి ఆమెకు ఉన్నది ఆ ఇల్లొక్కటే. అందుకే ఎకరమో అరెకరమో బీమా ప్రీమియంలా కట్టి, కష్టకాలంలో పుట్టిల్లు తలుపు తీస్తుందన్న హామీ కొనుక్కుంటోంది. దక్షిణాసియాలో ఆడవాళ్ళూ భూమీ అన్న విషయం మీద ఆర్థికవేత్త బీనా అగర్వాల్ మూడు దశాబ్దాల కిందటే ఈ లెక్కను విప్పి చెప్పారు. తమ్ముడూ అన్నయ్యా మాత్రం తమ వాటా తీసుకోవడానికి ఏ బంధాన్నీ పణంగా పెట్టనక్కర్లేదు. ఒకే చట్టం, ఒకే తండ్రి, ఒకే పొలం. ఒకరికి వాటా ఊరికే వస్తుంది, ఇంకొకరు దానికోసం పుట్టింటినే వదులుకోవాలి. దీన్ని సమానత్వం అంటున్నాం.

"కట్నం ఇచ్చాం కదా, అదే ఆమె వాటా" అని ఇంకో మాట. కట్నాన్ని నిషేధించింది 1961లో. ఆ చట్టంలోనే ఒక చిన్న ఏర్పాటుంది. ఎవరైనా కట్నం పుచ్చుకుంటే పెళ్ళయిన మూడు నెలల్లోగా అది పెళ్ళికూతురి పేరిట బదలాయించాలి, లేకపోతే జైలు. మీకు తెలిసిన పెళ్ళిళ్ళలో ఎన్నిట్లో అలా జరిగింది? ఇచ్చిన నగదు వియ్యంకుడి అప్పులకో, ఆడబిడ్డ పెళ్ళికో, అబ్బాయి అమెరికా చదువుకో పోతుంది. అంటే కూతురి వాటా ఒక ఇంటి మగవాళ్ళ చేతిలోంచి ఇంకో ఇంటి మగవాళ్ళ చేతిలోకి వెళ్ళింది. మధ్యలో ఆమె ఉన్నది పెళ్ళిపీటల మీద మాత్రమే. ఆ మార్పిడి సాఫీగా జరగనిచోట ఏమవుతుందో కూడా లెక్క ఉంది. దేశంలో ఏటా ఆరు వేలకు పైగా వరకట్న మరణాలు నమోదవుతున్నాయి.

భూమి గురించి ఇంత పట్టుబట్టడం దేనికంటే, భూమి ఉన్నచోట చెయ్యి లేవడానికి జంకుతుంది. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ కలిసి కేరళలో తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఇల్లుగానీ భూమిగానీ లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. ఇల్లూ భూమీ రెండూ తమ పేరిట ఉన్నవాళ్ళలో అది 7 శాతం. మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ప్రేమగా రాయించుకుంటున్న కాగితాలతో పొలంతోపాటు ఇంకేం చేతులు మారుతున్నాయో ఈ రెండంకెలు చెబుతాయి.

రెండో కాలు: ఆడవాళ్ళే అలా ఎంచుకుంటున్నారన్నది. ఇది నాలుగింటిలోకీ గట్టి వాదన. చదువుకున్న స్త్రీ తన ఇష్టంతో ఉద్యోగం మానేస్తే మధ్యలో మీ పెత్తనం ఏమిటని అడుగుతారు. అడగాల్సిందే. అయితే ఎంపిక అన్నప్పుడు ఎదుట రెండు దార్లు ఉండాలి.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్ళు 88. అదీ మగవాళ్ళందరి సగటు కాదు, చేసేవాళ్ళ సగటు. 2019 నాటి సర్వేలో నలుగురు మగవాళ్ళలో దాదాపు ముగ్గురు ఆ రోజు ఇంటిపని అసలు ముట్టుకోనేలేదు. అప్పుడు చేసినవాళ్ళ సగటు 97 నిమిషాలు. మధ్యలో కరోనా వచ్చింది, ఇంటినుంచే ఉద్యోగాలొచ్చాయి, "నేనూ వంట చేస్తున్నా" అని ఫోటోలొచ్చాయి. ఇంతా చేసి తొమ్మిది నిమిషాలు తగ్గింది.

ఈ 289 నిమిషాలు ఎలా ఉంటాయో చెప్పాలా? తెల్లవారి ఐదింటికి చట్నీకి పల్లీలు వేయించడంతో మొదలవుతాయి. రెండు క్యారియర్లు, ఒక స్కూల్ బ్యాగు, అత్తగారి షుగర్ మాత్ర, పనిమనిషి రాకపోతే అంట్లు. ఎనిమిదింటికి గచ్చిబౌలి వెళ్ళే క్యాబు. రాత్రి అమెరికా క్లయింటు కాల్ అయ్యేసరికి ఇడ్లీ పిండి రుబ్బలేదని గుర్తొస్తుంది. ఇలా నాలుగైదేళ్ళు గడిచాక రెండో బిడ్డ పుట్టినప్పుడు ఆమె ఉద్యోగం మానేస్తే "తన ఇష్టమే, నేనేమీ అనలేదు" అంటాడు భర్త. అబద్ధం కాదు, అతను నిజంగా ఏమీ అనలేదు. ఏమీ చెయ్యలేదు కూడా.

అమెరికాలో ఇదే కథకు వీసా ముద్ర పడింది. హెచ్-1బీ భర్త వెంట హెచ్-4 మీద వెళ్ళిన తెలుగు ఇంజనీర్లకు 2015 దాకా పనిచేసే హక్కే లేదు. ఆ ఏడాది వచ్చిన నిబంధన కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్ళకే వర్తిస్తుంది. బీటెక్‌లో భర్తకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి న్యూజెర్సీ వంటిళ్ళల్లో, బ్యాంకు కార్డుకూ డ్రైవింగుకూ ఇంకొకరి మీద ఆధారపడి బతికారు. "అమెరికా సంబంధం" అని ఎక్కువ కట్నం ఇచ్చి మరీ పంపాం.

ఎంపిక అన్న మాట ఇంకా పలచబడిపోయే చోటు శరీరం. పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలి? వైద్యపరంగా మగవాళ్ళ ఆపరేషన్ చిన్నది, కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి నడిచి వెళ్ళొచ్చు. ఆడవాళ్ళది పొట్ట తెరిచే పని. కానీ ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. చాలామందికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. దేశం మొత్తంమీద మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతంలో మూడో వంతు కూడా లేవు. "మగాడు బరువులెత్తాలి కదా" అంటారు. వరినాట్లు వేసేది, ఇటుకలు మోసేది ఎవరు మరి? 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి ఈ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్నపిల్లల తల్లులు. అందరూ "ఇష్టంతో" వచ్చినవాళ్ళే.

నిన్నటిదాకా ఇద్దరు చాలని చెప్పిన ప్రభుత్వమే ఇప్పుడు ఇంకా కనమంటోంది. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగ సభల్లో పిలుపునిచ్చారు. ఆపమన్నప్పుడూ కనమన్నప్పుడూ పనిచెయ్యాల్సింది ఆ ఒక్క ఒంటితోనే. ఆ ఒంటి యజమానిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మరి అడగాల్సిందేనని పట్టుబట్టే ఆలోచన ఏది? దాని పేరే కదా పాతబడిపోయిందంటున్నది!

మూడో కాలు: చట్టాలన్నీ ఆడవాళ్ళ పక్షం, మగవాళ్ళే బలైపోతున్నారు. అత్తింటి వేధింపుల మీద కేసు పెట్టే 498-ఎ అనగానే ఈ వాదనకు ఊపొస్తుంది. ఆ సెక్షన్ కింద దొంగ కేసులు పెట్టేవాళ్ళు ఉన్నారా? ఉన్నారు. ముసలి అత్తమామల్ని, దూరాన ఉన్న ఆడబిడ్డనీ కేసులో ఇరికించే వకీళ్ళూ ఉన్నారు. అందుకే 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్ పడగానే అరెస్టు చెయ్యొద్దని పోలీసులకు కట్టుదిట్టమైన మార్గదర్శకాలు పెట్టింది. భారతదేశంలో దుర్వినియోగం కాని చట్టం ఏదో చెప్పండి. చెక్ బౌన్స్ కేసుల్లో దొంగవి ఉన్నాయని చెల్లని చెక్కు ఇవ్వడం నేరం కాదనేవాడెవడూ లేడు.

"శిక్షలు పడటం లేదు కాబట్టి కేసులన్నీ అబద్ధం" అన్నది ఇంకో తర్కం. ఈ కేసులు ఎలా ముగుస్తాయో ఫ్యామిలీ కోర్టు వరండాలో అడిగితే చెబుతారు. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇచ్చిన బంగారం ఎంత తిరిగొస్తుందో తేలుతుంది, విడాకులకు ఇద్దరూ ఒప్పుకుంటారు, ఒప్పందంలో భాగంగా కేసు కొట్టేయించుకుంటారు. ఇంకోచోట "పిల్లల మొహం చూసి" భార్య కాపురానికి వెళ్ళిపోతుంది, సాక్ష్యం చెప్పదు. అది రాజీ. అబద్ధమని తేలడం వేరు.

అసలు కనపడని లెక్క మరొకటుంది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది భర్త హింసను చవిచూశారు. దేశంలో హింసకు గురైన స్త్రీలలో నూటికి 14 మందే ఎవరి సాయమైనా అడిగారు. 77 మంది ఎవరికీ చెప్పనేలేదు. సాయం అడిగినవాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటికే. ఇప్పుడు పైన చెప్పిన హక్కు విడుదల పత్రం ఆ చెల్లెలు ఎందుకు రాసిచ్చిందో ఇంకోసారి ఆలోచించండి. పెట్టిన కేసుల్లో అబద్ధాలెన్నో అని రోజూ వాదించుకుంటున్నాం. పెట్టని కేసుల్లో నిజాలెన్నో మనకు పట్టదు.

చట్టాలన్నీ ఆడవాళ్ళ వైపే అన్నవాళ్ళకు ఒక చిన్న గుర్తు. బ్రిటిష్ కాలపు శిక్షాస్మృతిని చెరిపేసి కొత్తగా రాసుకున్నామని చెప్పుకున్న భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారం అత్యాచారం కాదన్న మినహాయింపు అందులోనూ ఉంది. పాత చట్టంలోని ఎన్నో మాటల్ని మార్చిన చేతులు దీన్ని మాత్రం పదిలంగా కొత్త పుస్తకంలోకి ఎక్కించాయి. చట్టసభల్లో మూడోవంతు స్థానాల చట్టం 2023లో వచ్చింది. దాన్ని జనాభా లెక్కలకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టి మరీ తెచ్చారు. ఆ మరుసటి ఏడాదే ఎన్నికైన లోక్‌సభలో 543 మందికి మహిళలు 74 మంది. ఇచ్చేశాం అన్నది ఇలాంటి ఇవ్వడాన్నే.

మగవాళ్ళ బాధ సంగతి తీసిపారేయదగ్గది కాదు. దేశంలో ఆత్మహత్య చేసుకుంటున్నవాళ్ళలో నూటికి డెబ్బైమందికి పైగా మగవాళ్ళే. ఈ అంకెను ఫెమినిస్టుల ముఖాన కొట్టేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, వాళ్ళను చంపుతున్నదేమిటో అడగాలి. అప్పు తీర్చలేకపోతే తలెత్తుకోలేవు, సంపాదన లేకపోతే మగాడివి కావు, ఏడవకూడదు, ఇంట్లో చెప్పకూడదు. ఈ మాటలు నేర్పింది ఫెమినిజం కాదు. సంపాదన భారమంతా మగవాడి నెత్తిన, ఇంటి భారమంతా ఆడదాని నెత్తిన పెట్టిన పాత ఏర్పాటే ఇద్దరినీ నలిపేస్తోంది. కౌలు రైతు పురుగుల మందు తాగాక ఏమవుతుందో తెలంగాణలో ఏ ఊళ్ళోనైనా చూడండి. అప్పు భార్యకు వస్తుంది. పట్టా భూయజమాని పేరిటే ఉంటుంది. భర్త ఉన్నన్నాళ్ళూ నాటు వేసి, కలుపు తీసి, పత్తి ఏరిన మనిషిని మన కాగితాలు రైతు అని ఒక్కనాడూ రాయలేదు కాబట్టి పరిహారం కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతూ తాను ఎవరో నిరూపించుకోవాలి. ఆ ఇంట్లో ఇద్దరి పక్షానా మాట్లాడిన వాదం ఏదైనా ఉంటే అది స్త్రీవాదమే.

"ఆడపిల్లకు ఏదైనా జరిగితే ఇప్పుడు సమాజమంతా కదులుతోంది" అని ఒక ఓదార్పు కూడా వినిపిస్తుంటుంది. 2019లో హైదరాబాద్ శివార్లలో యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగితే రాష్ట్రమంతా కదిలింది. నిందితులు నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో, అది చంపాలన్న ఉద్దేశంతోనే జరిపిన కాల్పులని తేల్చింది. ఆ పూలజల్లు రోజుల్లో, ఇది న్యాయం కాదని ఎదురు నిలిచి మాట్లాడినవాళ్ళలో మహిళా హక్కుల కార్యకర్తలు ఉన్నారు. తిట్లు తిన్నారు.

ఎందుకు వద్దన్నారో అర్థం కావాలంటే విశాఖ మన్యానికి వెళ్ళాలి. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు తమపై గ్రేహౌండ్స్ పోలీసులు సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. కేసు విచారణకు రావడానికే ఏళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలేస్తూ, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది, బాధితులకు పరిహారం ఇవ్వమంది. అక్కడ పూలు చల్లేవాళ్ళూ లేరు, కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్ళూ లేరు. పోలీసులకు తుపాకీతో తీర్పు చెప్పే అధికారం ఇస్తే వాకపల్లి స్త్రీలు ఎవరి దగ్గరకు వెళ్ళాలి? ఈ ప్రశ్న వేసింది స్త్రీవాదులు. సమాజం కదలడం వేరు, న్యాయం జరిగే ఏర్పాటు ఉండటం వేరు. మొదటిదానికి టీవీ చాలు.

ఇక నాలుగో కాలు, ఇది పరాయి సరుకన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ఏ విదేశీ గ్రంథం చదివారని? పొద్దంతా చేసిన కూలి రాత్రికి సారా ప్యాకెట్ల పాలవుతుంటే, దెబ్బలు తిన్న ఒళ్ళే వాళ్ళకు పాఠం చెప్పింది. జిల్లా జిల్లాకూ పాకి వేలంపాటలు ఆపించిన ఆ ఉద్యమానికి లొంగి ప్రభుత్వం 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా పేరు చెప్పి ఎత్తేశారు. తెచ్చుకున్నది ఊళ్ళలోని ఆడవాళ్ళు, ఎత్తేసింది అసెంబ్లీలోని మగవాళ్ళు. సాధించుకున్న హక్కు అక్కడే ఉండిపోతుందనుకునేవాళ్ళు ఈ రెండేళ్ళ ముచ్చట గుర్తుంచుకోవాలి.

సారా ఉద్యమానికి తొంభై ఏళ్ళ ముందే బండారు అచ్చమాంబ స్త్రీల చరిత్రలు రాశారు, స్త్రీ సమాజాలు పెట్టారు. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం నగరాన్ని కుదిపింది. ఆ రోజుల్లోనే పుట్టిన స్త్రీశక్తి సంఘటన, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొని మరుగున పడిపోయిన స్త్రీల మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో వెలుగులోకి తెచ్చింది. ఆ తర్వాత దళిత, ముస్లిం రచయిత్రులు వచ్చి "మీ స్త్రీవాదంలో మా వాడ ఎక్కడుంది, మా బస్తీ ఎక్కడుంది?" అని నిలదీశారు. గోగు శ్యామల 'నల్లపొద్దు', షాజహానా 'నఖాబ్' ఆ నిలదీతలోంచి వచ్చినవే. ఫెమినిజం పట్నం ఆడవాళ్ళ కాలక్షేపమని వెక్కిరించేవాళ్ళకన్నా ముందే, అంతకన్నా పదునుగా ఆ లోపాన్ని దిద్దింది లోపలి ఆడవాళ్ళే. తనను తాను ఇలా దిద్దుకునే ఆలోచనకు ఇంకా చాలా బతుకు ఉన్నదన్నమాట.

చివరికి మిగిలింది బస్సు టికెట్టు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. అప్పటినుంచీ "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని ఒకటే గొణుగుడు. ఊళ్ళో రచ్చబండ మీద, టీ కొట్టు దగ్గర, కల్లు దుకాణం ముందు పనీపాటా లేకుండా కూర్చున్న మగవాళ్ళను ఏ తరంలోనైనా ఎవరైనా లెక్క అడిగారా? జీరో టికెట్టుతో ఒకామె గుడికే వెళ్ళనీ, చెల్లెలింటికే వెళ్ళనీ, ఊరికే జాతర చూసి రానీ. నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషికి ఆ టికెట్టు డబ్బులు నెలాఖరు గడిచే దారి. అంతకన్నా, బయటికి వెళ్ళడానికి ఇంట్లో డబ్బులు అడగనక్కర్లేకపోవడం, ఎక్కడికని చెప్పనక్కర్లేకపోవడం ఆమె జీవితంలో కొత్త సంగతి. మనకు మింగుడుపడనిది ఖజానా నష్టమా, ఆ కొత్త సంగతా?

చెప్పకుండా బయటికి వెళ్తే కొట్టొచ్చా అన్న ప్రశ్న నిజంగానే ఆ ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. చెప్పకుండా వెళ్ళడం, ఎదురు చెప్పడం, వంట సరిగా చెయ్యకపోవడం లాంటి ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 84 మంది ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి సబబేనన్నారు. దేశంలో ఇంత ఎక్కువగా ఒప్పుకున్న రాష్ట్రాలు మనవే. "ఆమే ఒప్పుకుంది కదా" అన్న వాదాన్ని చివరిదాకా లాగితే ఇక్కడ తేలుతుంది. దెబ్బను కూడా ఒప్పుకున్నారు. మరి వదిలేద్దామా?

ఇంకేం కావాలని అడిగారు కాబట్టి జవాబు జాబితాగానే చెబుతాను. కూతురు వాటా వదులుకునే ఏ పత్రమైనా, అన్నదమ్ములు లేని గదిలో ఒక న్యాయసేవాధికార సంస్థ వకీలు ఆమెతో మాట్లాడాకే రిజిస్టర్ కావాలి. పొలంలో పనిచేసే భార్య పేరు, కౌలుదారు భార్య పేరు రైతు రికార్డుల్లో ఎక్కాలి. పిల్లలు చాలనుకున్న ఇంట్లో ఆపరేషన్‌కు ముందు భర్తను పిలిచి మాట్లాడాలి. భార్య వద్దన్నాక భర్త బలాత్కారం చేస్తే నేరమేనని చట్టం రాయాలి. మగవాళ్ళు ఇంటిపనికి పెట్టే ఆ 88 నిమిషాలు పెరగాలి. దీనికి చట్టం అక్కర్లేదు, అలారం చాలు.

వీటివల్ల మగవాళ్ళకు నష్టమేమీ ఉండదని నచ్చజెప్పను. ఉంటుంది. అన్నకు పొలం తగ్గుతుంది. భర్తకు ఆదివారం పడక తగ్గుతుంది. మామగారికి కట్నం లెక్క తప్పుతుంది. ఇన్నాళ్ళూ ఊరికే అందుతున్నది అందకుండా పోతే ఎవరికైనా కష్టమే, ఆ కష్టాన్ని నేను అర్థం చేసుకోగలను. అది వద్దనిపిస్తే వద్దని సూటిగా చెప్పండి, దానిమీద వాదించుకుందాం. నా వాటా తగ్గడం నాకిష్టం లేదన్న మాటను, స్త్రీవాదానికి కాలం చెల్లిందన్న మాటగా మార్చి మాత్రం చెప్పకండి.